అలారమా, టైమర్_క్రియేటా?

హనుమకొండలో సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ చేసే తమ్ముళ్లకు, ప్రోగ్రామ్‌లో టైమర్ పెట్టాలంటే, ముందు దొరికేది అలారం ఫంక్షనే. అలారం(5) అని రాస్తే 5 సెకన్లకు సిగ్‌అలారం అనే సిగ్నల్ (సిస్టమ్ ప్రోగ్రామ్‌కు పంపే కబురు) వస్తుంది, ఒక్క టైమౌట్‌కు అది చాలు. కానీ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మొత్తానికి ఆ టైమర్ ఒక్కటే, మధ్యలో ఏదో లైబ్రరీ అలారం(2) పిలిచిందనుకోండి, మీ పాతది చప్పుడు లేకుండా రద్దవుతుంది, మిగిలిన సెకన్లు రిటర్న్ వాల్యూగా పోయేది కూడా ఆ లైబ్రరీకే, మీకు కాదు. ఇక డీబగ్ చేసేవాడి టెన్షన్ చూడాలి!

రెండో ఫంక్షన్ టైమర్_క్రియేట్‌కు రాత పని ఎక్కువే: టైమర్ మోగితే ఎలా కబురివ్వాలో చెప్పే సిగ్‌ఈవెంట్ స్ట్రక్చర్ నింపాలి, టైమర్‌ను మొదలుపెట్టే టైమర్_సెట్‌టైమ్ విడిగా పిలవాలి. అయినా నా ఓటు దీనికే. ఒకటికి నాలుగు టైమర్లు పెట్టుకోవచ్చు, మోనోటోనిక్ క్లాక్ ఇస్తే ఎవరైనా సిస్టమ్ టైమ్ మార్చినా లెక్క తప్పదు, ఎస్‌ఏ_సిగ్‌ఇన్ఫో ఫ్లాగ్ పెడితే ఏది మోగిందో హ్యాండ్లర్‌కే (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే మీ ఫంక్షన్‌కే) తెలుస్తుంది. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ మాత్రం రెండింటిలోనూ వద్దు.