మార్చింగ్ బ్యాండ్ సామాన్లు: బూట్లు, నీళ్ళ జగ్గు, అద్దె క్లారినెట్‌కి నా మార్కులు

మా అబ్బాయి టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఒక పబ్లిక్ హైస్కూల్లో మార్చింగ్ బ్యాండులో ఉన్నాడు, అంటే ఫుట్‌బాల్ మ్యాచు విరామంలో గ్రౌండు మీద వరసల్లో నడుస్తూ వాయించే జట్టు. వాడిది క్లారినెట్, ఊదే వాయిద్యం. ఇప్పుడు టెన్త్. కిందటేడు చేరినప్పుడు బ్యాండు వాళ్ళు ఇచ్చిన సామాన్ల లిస్టు చూసి నాకు బుర్ర తిరిగింది. ఎవరినైనా అడుగుదామంటే మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో పిల్లలంతా ఆర్కెస్ట్రా, రోబోటిక్స్, డిబేట్. ఈ ఏడు మాత్రం మాకు తెలిసిన ఇళ్ళ నుంచి కొంతమంది కొత్తగా చేరుతున్నారు. ఫోన్ చేసి "ఏం కొనాలండీ, ఎంతవుతుందండీ" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

నా లెక్క ఒకటే. పిల్లాడి ఒంటికి తగిలేవాటి మీద, అంటే కాళ్ళు, చెవులు, గొంతులోకి దిగే నీళ్ళ మీద డబ్బు పెట్టండి. వాయిద్యం దగ్గర పిసినారితనం చేసినా ఏం కాదు. మనవాళ్ళు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. వేల డాలర్లు పోసి క్లారినెట్ కొంటారు, చేతికి మాత్రం పలచటి ప్లాస్టిక్ నీళ్ళ సీసా ఇచ్చి పంపుతారు.

ముందు వాళ్ళు చేసే పనేంటో తెలియాలి. ఆగస్టు మొదట్లో బ్యాండ్ క్యాంపు. ఇక్కడ ఆ రోజుల్లో ఎండ 100 ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీలు దాటడం మామూలే. స్కూలు పార్కింగ్ లాట్‌లో ఫుట్‌బాల్ గ్రౌండు గీతలు పెయింటు వేసి ఉంటాయి. ఆ తారు మీదే ప్రాక్టీసు. ఐదు గజాలకు సరిగ్గా ఎనిమిది అంగలు పడాలి, అంటే ఒక్కో అంగ 22.5 అంగుళాలు. ముందుకు నడిస్తే మడమ ముందు ఆనాలి, వెనక్కి నడిస్తే మునివేళ్ళ మీద నడవాలి. నోట్లో వాయిద్యం ఉండగానే ఇదంతా. "సంగీతం క్లాసే కదా" అనుకున్న మావారు మొదటిరోజు సాయంత్రం వాణ్ణి కారెక్కించుకుని వచ్చాక ఇంకోసారి ఆ మాట అనలేదు.

అందుకే మొదట బూట్లు. రెండు రకాలు కావాలి. క్యాంపుకీ రోజువారీ ప్రాక్టీసుకీ మంచి రన్నింగ్ షూస్. వీటికి లిస్టులో ఒక్క ముక్కే రాస్తారు, "టెన్నిస్ షూస్" అని. నిజానికి వాడు ఎక్కువ గంటలు ఉండేది వీటిలోనే. మెత్తటి అట్టా, మడమ దగ్గర గట్టి పట్టూ ఉన్నది కొనండి. కాళ్ళు దూర్చేసే లేసుల్లేని రకం వద్దు, వెనక్కి నడిచేటప్పుడు ఊడతాయి.

రెండోవి షో బూట్లు, అంటే ప్రదర్శన రోజు యూనిఫాం మీదకి వేసేవి. మావాడికి స్కూలు ద్వారా వచ్చినవి డింకిల్స్ కంపెనీ వాన్‌గార్డ్ రకం. నల్లగా, నున్నగా, చేతిలో పట్టుకుంటే ఇంత తేలికా అనిపిస్తాయి. మామూలు ఫార్మల్ బూటుకి మడమ చతురంగా ఉంటుంది కదా, దీనికి వెనకవైపు గుండ్రంగా వంచి ఉంటుంది. పాదం నేల మీద పడగానే టక్కున ఆగదు, మడమ నుంచి వేళ్ళ దాకా దొర్లుతుంది. అడుగు కుదిపితే ఆ కుదుపు పెదవుల దాకా వెళ్ళి స్వరం వణుకుతుంది, ఆ వంపు ఉన్నది అందుకే. కొన్నరోజు రెండు చేతులతో పట్టుకుని మధ్యలోకి వంచి చూశాను, సగానికి మడత పడింది. మా ఆర్డరులో 50 డాలర్లు దాటింది. అంత పెట్టొచ్చు.

ఈ రకం బూట్లన్నిటిలో ఒక సంగతి ఉంది. లోపలి అట్ట చదునుగా ఉంటుంది, పాదం వంపుకి ఆసరా ఉండదు. మీ పిల్లలది చదును పాదమైతే మందుల షాపులో దొరికే ఇన్‌సోల్ వేయాలి. అది వేస్తే బూటు బిగుతవుతుంది కాబట్టి స్కూల్లో కొలతలు తీసే సాయంత్రం ఆ ఇన్‌సోలూ, షోకి వేసే నల్ల సాక్సూ బ్యాగులో పెట్టి పంపండి. పలచటి సాక్సు మీద కొలతిచ్చిన పిల్లలు అక్టోబరుకల్లా మడమల మీద బొబ్బలతో తిరుగుతారు. వచ్చిన బూట్లు వారం రోజులు సాయంత్రాలు ఇంట్లో తొడిగించి తిప్పండి. తారు మీదకి రానివ్వకండి, ఆ మడమ వంపు అరిగిపోతే ఇక అది మామూలు బూటే. వానలో తడిస్తే లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. డ్రయర్లో వేస్తే జిగురు విడిపోతుంది.

పేరు బూటు నాలుక వెనక వెండి మార్కరుతో రాయాలి. బ్యాండ్ హాల్లో నేలంతా ఒకే రకం నల్ల బూట్లే. సాక్సు కూడా పిక్క దాకా వచ్చేవే కొనండి. అడుగు వేసినప్పుడు ప్యాంటు కొంచెం పైకి లేస్తుంది, అక్కడ తెల్లగా కాలు మెరిస్తే డైరెక్టర్లకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎన్ని జతలు కొన్నా నవంబరుకి ఒకటే మిగులుతుంది, ఎందుకో నన్నడక్కండి.

ఇక నీళ్ళ జగ్గు. లిస్టులో ఒక గ్యాలన్ అని ఉంటుంది, అంటే దాదాపు 3.8 లీటర్లు. అంత పెద్దదా అని సగం సైజు కొనాలనిపిస్తుంది. కొనకండి. ప్రాక్టీసు మధ్యలో ఇచ్చే విరామం రెండు మూడు నిమిషాలు, ఆ కాస్తలో కుళాయి దగ్గరికి పరిగెత్తి నింపుకునే వ్యవధి ఉండదు. షాపులో మూడు రకాలు దొరుకుతాయి. ఒంటి పొర ప్లాస్టిక్ జగ్గు చవక, కానీ ఎండలో గంటకే నీళ్ళు గీజరులోంచి పట్టినట్టు అయిపోతాయి. స్టీలు డబుల్ వాల్‌ది మధ్యాహ్నం దాకా ఐసు కరగనివ్వదు, అయితే ఖాళీగానే బరువు, నింపితే తొమ్మిదో క్లాసు పిల్ల భుజానికి కష్టం. మధ్యలో ఫోమ్ గోడల ప్లాస్టిక్ జగ్గు ఉంది, భవనాలు కట్టే పనివాళ్ళు పట్టుకెళ్ళే రకం. నా ఓటు దానికే. ఇరవై డాలర్ల చుట్టుపక్కల వస్తుంది, కింద పడ్డా సొట్ట పడదు.

కొనేటప్పుడు మూత చూడండి. నోరు వెడల్పుగా ఉంటే ఐసు ముక్కలు పడతాయి, మీ చెయ్యి లోపలికి వెళ్ళి తోమగలుగుతుంది. స్ట్రా ఉన్నవి పిల్లలకి ముద్దు, తల్లులకి శిక్ష. ఆ గొట్టం లోపల పేరుకునే నల్ల బూజు రోజూ బ్రష్ పెట్టి తోమాలి. మీట నొక్కితే తెరుచుకునే మూతే మేలు. స్పోర్ట్స్ డ్రింకులు పెట్టెలకి పెట్టెలు కొనక్కర్లేదు. ఒక చిన్న స్టీలు ఫ్లాస్కులో నిమ్మకాయ, ఉప్పు, కొంచెం పంచదార కలిపిన నీళ్ళు పెడితే మావాడు పూర్తిగా తాగి తెస్తాడు. మజ్జిగ కూడా పెట్టా గానీ ఎండలో తిరిగే రోజున ఇంటికొచ్చాక ఇవ్వడమే నయం. తల తిరుగుతోందంటే, చెమట ఆగిపోయిందంటే ఓర్చుకోమని చెప్పకుండా వెంటనే నీడకి వెళ్ళి చెప్పమని పిల్లాడికి ముందే నేర్పండి. మన పిల్లలు టీచరు ముందు నోరు మెదపరు, అదే అసలు ప్రమాదం.

చెవి ప్లగ్గుల సంగతి లిస్టులోనే లేదు. డ్రమ్‌లైన్‌కి, అంటే డ్రమ్ములు వాయించే వరసకి దగ్గర నిలబడే పిల్లలకి ఇవి తప్పనిసరి. రోజుకి ఎనిమిది గంటలకి శబ్దం 85 డెసిబెల్స్ మించకూడదని ఇక్కడి పని భద్రతా సంస్థ నియోష్ సూచన. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సురక్షితమైన సమయం సగమవుతుంది. స్నేర్ డ్రమ్ము దానికి చాలా పైనే ఉంటుంది. ఫోమువి పెట్టుకుంటే పక్కవాడి స్వరం వినపడదు, అందుకే పిల్లలు తీసి పారేస్తారు. సంగీతకారుల కోసం చేసిన రకం, ఎటిమోటిక్ లాంటివి, అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. ధర కూడా మరీ ఎక్కువేం కాదు. తాడు ఉన్నవి కొనండి.

యూనిఫాం స్కూలుదే, కొనక్కర్లేదు. శుభ్రంగా తిరిగి ఇవ్వాలి, అంతే. దసరాకి మీరు పులిహోర డబ్బా పంపాలనుకుంటే పంపండి, కానీ తెల్ల చేతి తొడుగులు వేసుకోకముందే తినేయాలని చెప్పండి. పసుపు మరక దేనికీ లొంగదు. మ్యాచ్ రోజు స్కూలు పెట్టే భోజనానికి ఫారంలో వెజిటేరియన్ అని టిక్కు పెడితే చీజ్ పిజ్జా వస్తుంది, ప్రతిసారీ చీజ్ పిజ్జాయే. యూనిఫాంతో వచ్చే ఈకల టోపీ పెట్టుకుని మావాడు వీడియో కాల్ చేస్తే గుంటూరులో మా అత్తగారు "ఏంటమ్మాయ్, వీడు పెళ్ళి బ్యాండులో చేరాడా" అని ఒకటే నవ్వు. హాఫ్‌టైమ్ వీడియో పంపాక మాత్రం "ఇంతమందిలో మనవాడేడీ" అని నాలుగుసార్లు వెనక్కి తిప్పించారు.

ఇప్పుడు క్లారినెట్. ట్యూబా, మెలోఫోన్ లాంటి ఇత్తడి వాయిద్యాలు చాలాచోట్ల స్కూలే చిన్న ఫీజు తీసుకుని ఇస్తుంది. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోను మనం తెచ్చుకోవాలి. కొన్ని బ్యాండ్లు గ్రౌండులోకి చెక్క క్లారినెట్ అసలు రానివ్వవు, రానివ్వకపోవడమే మంచిది. ఆ నల్ల చెక్క ఎండకీ ఏసీ గదికీ మధ్య తిరిగితే పగులుతుంది. ఏబీఎస్ రెజిన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది, యమహా 255 లాంటిది, గ్రౌండుకి చాలు. ఇష్టం ఉండి, వాడు నిజంగా సాధన చేస్తుంటే చెక్కది తర్వాత, పదకొండో క్లాసులో ఆలోచించండి. ఏదైనా సరే కారులో వదిలేయొద్దు, ఆ వేడికి కీల కింద రంధ్రాలు మూసే మెత్తల, అంటే ప్యాడ్ల జిగురు కరుగుతుంది.

రీడ్ల ఖర్చు మర్చిపోకండి, అంటే క్లారినెట్‌కి నోటి దగ్గర బిగించే పలచటి రెల్లు పేళ్ళు. వాండోరెన్ పది రీడ్ల పెట్టె ముప్పై డాలర్లకి అటూ ఇటూ. బయట ఎండలో రెల్లు రీడు ఎండి చిట్లుతుంది కాబట్టి ప్రాక్టీసుకి లెజేర్ సింథటిక్ రీడు ఒకటి కొన్నాం. ఒక్కటే ఇంచుమించు ఒక పెట్టె ధర, మొదట గుండె ఆగినంత పనైంది గానీ సీజనంతా నడిచింది.

మేము క్లారినెట్‌ని ఇక్కడి ఒక మ్యూజిక్ షాపులో "కట్టుకుంటూ పోతే మీదే" పద్ధతిలో అద్దెకి తీసుకున్నాం. నెలకి ముప్పై చిల్లర, పైన మెయింటెనెన్స్ ప్లానుకి ఇంకొన్ని డాలర్లు. మొదట్లో అంతా బాగుంది. పెట్టె కొత్తది, కార్కు గ్రీజు, తుడిచే గుడ్డ ఇచ్చారు. అక్టోబరులో పోటీ వారం ముందు కింది జాయింటులో ఒక ప్యాడు ఊడింది. దాని కింది స్వరాలేవీ పలకడం లేదు. తీసుకెళితే "రెండు వారాలు" అన్నారు. బదులు ఇంకోటి ఇవ్వమంటే సీజన్‌లో ఖాళీగా లేవన్నారు. మరి నెలనెలా ప్లాను డబ్బు ఎందుకండీ కట్టింది అంటే, కౌంటర్లో అబ్బాయి కాగితం తిప్పి చూపించాడు, "అందుబాటును బట్టి" అని చిన్న అక్షరాల్లో ఉంది. చివరికి స్కూలు బీరువాలోని పాత క్లారినెట్‌తో మావాడు పోటీకి వెళ్ళాడు.

కాబట్టి సంతకం పెట్టకముందు నాలుగు సంగతులు అడిగి, రాయించుకోండి. రిపేరులో ఉన్నప్పుడు బదులు వాయిద్యం ఖాయంగా ఇస్తారా. దొంగతనం, పోగొట్టుకోవడం ప్లానులో ఉన్నాయా. కట్టిన అద్దెలో ఎంత భాగం ధరలోకి జమవుతుంది. ఆ ధర పూర్తి లిస్టు ధరా, తగ్గింపు ధరా. ఈ చివరిది అడిగితేనే చెబుతారు. అద్దె మొత్తం కలిపి చూస్తే, అదే మోడలు వాడినది కొని మెకానిక్ చేత సర్వీసు చేయించుకోవడం చవక పడే సందర్భాలున్నాయి. మా రెండోవాడికి అలాగే చేస్తాం.

డబ్బు కాని లెక్కలు రెండు చెప్పి ఊరుకుంటా. టెక్సాస్‌లో స్కూళ్ళ మధ్య పోటీలు నడిపే యూఐఎల్ అనే సంస్థ నియమం ప్రకారం బడి మొదలయ్యాక బడి వేళల బయట ప్రాక్టీసు వారానికి 8 గంటలే. అంతేగా అనుకోకండి, శుక్రవారం మ్యాచులు, శనివారం పోటీలు ఆ లెక్కలోకి రావు. అక్టోబరు శనివారాలకి ఏ వ్రతమూ, గృహప్రవేశమూ పెట్టుకోవద్దు. రెండోది, ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువ వస్తే కనీసం మూడు వారాలు ప్రదర్శనలకి అనర్హులు, ఇది రాష్ట్ర చట్టం. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాంటి పై స్థాయి క్లాసులకి మినహాయింపు ఉంటుంది, ఏవేవో స్కూలు కౌన్సిలర్‌ని అడగండి. షో మధ్యలో ఒక పిల్లాడు తప్పుకుంటే వాడి చోట ఖాళీ గ్రౌండు మీద అందరికీ కనపడుతుంది.

మార్కులు: షో బూట్లకి ఐదుకి నాలుగున్నర, ఫోమ్ జగ్గుకి ఐదు, ప్లగ్గులకి నాలుగు. అద్దె షాపుకి రెండు. ఆ రెండూ కూడా వారం వారం స్కూలుకి వ్యానులో వచ్చి, అక్కడే నిలబడి వదులైన స్క్రూలు డబ్బులు తీసుకోకుండా బిగించి వెళ్ళే వాళ్ళ ప్రతినిధికి.