ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్: డిస్కు తప్పును పట్టిస్తుంది, కానీ బ్యాకప్ కాదు

ఫైళ్లు ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండాలనుకునేవారికి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ (క్లుప్తంగా జెడ్‌ఎఫ్‌ఎస్) అనే ఫైల్‌సిస్టమ్‌నే, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే వ్యవస్థనే సిఫార్సు చేస్తాం. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్, ఫైలు సైజు, తేదీల వంటి మెటాడేటాకు చెక్‌సమ్ (మార్పును పట్టిచ్చే సరిచూపు సంఖ్య) పెట్టగలదు గానీ ఫైల్లోని డేటాకు పెట్టదు. ఫొటో మధ్యలో నాలుగు బిట్లు మారిపోయినా డిస్కు ఎర్రర్ చూపకపోతే అదే ఫైలును చేతికిస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకు (డేటా ముక్క) చెక్‌సమ్‌నూ ఆ బ్లాకును సూచించే పై బ్లాకులో ఉంచుతుంది. అందువల్ల డిస్కు వేరేచోటి బ్లాకు తెచ్చిచ్చినా దొరికిపోతుంది.

దొరికినంత మాత్రాన బాగుపడదు. ఒకే డిస్కున్న పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కులను కలిపి వాడే సమూహం పూల్) జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్‌కు వీ ఆప్షన్ తగిలిస్తే ఏ ఫైలు చెడిందో పేరుతో సహా తెలుస్తుంది, అంతవరకే. మిర్రర్ (ఒకే డేటా రెండు డిస్కుల్లో) ఉంటే మంచి కాపీతో తనే సరిచేస్తుంది. మిర్రర్ కోసం రెండో డిస్కును జెడ్‌పూల్ అటాచ్ కమాండ్‌తోనే కలపాలి. పొరపాటున యాడ్ కొడితే అది విడి స్ట్రైప్ అవుతుంది, అంటే డేటా రెండు డిస్కుల మధ్యా పంచుకుపోతుంది, రెండింటిలో ఏది పోయినా పూలంతా పోయినట్టే. పూల్ కట్టేటప్పుడే యాషిఫ్ట్ 12 (4096 బైట్ల సెక్టరు సైజు) ఇవ్వండి, ఆ తర్వాత మారదు. స్క్రబ్, అంటే డేటా అంతా చదివి చెక్‌సమ్‌లతో సరిచూడటం, నెలకోసారి. ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కులు (ట్రాకులు ఒకదాన్నొకటి కొంత కప్పేలా రాసేవి) వద్దే వద్దు, పాడైన డిస్కు మార్చాక రీసిల్వర్, అంటే కొత్త డిస్కులోకి డేటా నింపడం, విపరీతంగా సాగుతుంది.

లైసెన్సు కారణంగా ఇది లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) భాగం కాదు, విడి మాడ్యూల్‌గా కలుపుకోవాలి. ఆ మాడ్యూల్‌లో సపోర్టు వచ్చేదాకా కొత్త కెర్నల్‌కు వెళ్లకండి.

ఇక అసలు సంగతి. 2023 నవంబరులో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2.0 వెర్షన్ వాడేవారికి, కాపీ చేసిన కొన్ని ఫైళ్లలో డేటా ఉండాల్సినచోట సున్నాలు కనబడ్డాయి. అప్పుడే రాసిన ఫైల్లో ఖాళీ ఎక్కడుందని కాపీ ప్రోగ్రాం అడిగితే ఫైల్‌సిస్టమ్ ఒక్కోసారి తప్పు చెప్పేది. ఆ సున్నాలకు వేసిన చెక్‌సమ్ మాత్రం సరైనదే, కాబట్టి స్క్రబ్‌కు తప్పేమీ కనిపించదు. లోపం మూలం పాత వెర్షన్లలోనూ ఉంది. 2.2.2, 2.1.14లలో సరిదిద్దారు. ఇంత జాగ్రత్తగా కట్టిన ఫైల్‌సిస్టమ్‌లోనే ఇలా జరిగిందంటే, బ్యాకప్ లేకుండా దేన్నీ నమ్మలేం.

స్నాప్‌షాట్ (ఫైళ్లు ఒక క్షణంలో ఎలా ఉన్నాయో పట్టి ఉంచేది) బ్యాకప్ కాదు, అది ఉండేదీ అదే పూల్‌లో. జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్‌తో రోజూ మరో మెషీన్‌కు పంపండి. పాత స్నాప్‌షాట్‌ను ఆధారంగా ఇస్తే మారిన బ్లాకులే వెళ్తాయి కాబట్టి త్వరగా అయిపోతుంది. రెండు వైపులా ఉన్న ఉమ్మడి స్నాప్‌షాట్‌ను చెరిపేస్తే మాత్రం మళ్లీ మొత్తం పంపాల్సిందే. పైన చెప్పినట్టు చెక్‌సమ్‌కు చిక్కకుండా చెడిన ఫైలును సెండ్ చెడినట్టే మోసుకెళ్తుంది, అందుకే అవతలి వైపు పాత స్నాప్‌షాట్లను ఎక్కువ నెలలు ఉంచండి.

మరో కాపీ రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాంతో, వేరే ఫైల్‌సిస్టమ్ మీద పెట్టండి. రెస్టిక్ చెక్ మామూలుగా నిర్మాణాన్నే చూస్తుంది. డేటా కూడా చదవాలంటే రీడ్-డేటా ఆప్షన్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ పోతే ఆ బ్యాకప్ ఎవరికీ తెరుచుకోదు, పాస్‌వర్డ్‌ను ఇదే పూల్‌లో దాచకండి.