మార్స్ ధూళి పొడి: రంగు భేష్, సైజు మాత్రం మీరే తేల్చుకోవాలి

అంగారకుడి ధూళి కాంతిని ఎలా చెదరగొడుతుందో ల్యాబ్‌లో లేజర్‌తో కొలవడానికి వాడే జేఎస్‌సీ మార్స్-1 రకం పొడి అంటే హవాయిలో మౌనా లోవా, మౌనా కేయా అగ్నిపర్వతాల మధ్యనున్న పూ నెనె దిబ్బ నుంచి తవ్విన అగ్నిపర్వత బూడిద. 1990ల చివర్లో నాసా దీన్ని అంగారకుడి మట్టికి నమూనాగా ఎంచుకుంది. రంగుకు వంక పెట్టలేం. అందులోని అతిసన్నని ఐరన్ ఆక్సైడ్లు నీలి కాంతిని మింగేసి ఎరుపును వెనక్కి పంపుతాయి. అంగారకుడి లేత రంగు ప్రాంతాల తీరూ అదే.

చిక్కంతా సైజుతోనే. సంచిలో వచ్చేవి 1 మి.మీ. లోపు గింజలు. అంగారకుడి గాలిలో తేలే ధూళి వ్యాసార్థం సుమారు 1.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యోవంతు). సంచి విప్పి నేరుగా లేజర్ ముందు చల్లితే మీరు కొలిచేది నేల మీది ఇసుకను.

ముందు 100 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టాలి. దాదాపు 8 శాతం బరువు తేమగానే పోతుంది. తొందరపడి వేడి పెంచొద్దు: 600 డిగ్రీలకు వెళితే ఐదోవంతు బరువు పోయి రంగు కూడా మారుతుంది. హైదరాబాద్‌లో జూలై, ఆగస్టుల్లో డెసికేటర్ (తేమ తగలకుండా దాచే పాత్ర) మూత తీసి వదిలేస్తే పడ్డ శ్రమంతా వృథా.

తర్వాత 45 మైక్రాన్ల జల్లెడ. అందులోంచి దిగిన పొడి 1 శాతం మించకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, అల్ట్రాసోనిక్ బాత్‌లో కాసేపు ఉంచి, 10 సెం.మీ. ఎత్తు సిలిండర్‌లో నిలబెట్టండి. 25 డిగ్రీల గదిలో గంటకు కాస్త తక్కువ సమయంలో 10 మైక్రాన్ల వ్యాసం దాటినవి అడుగుకు చేరతాయి. ఏప్రిల్‌లో ఏసీ లేని గదైతే ఆల్కహాల్ పలచబడుతుంది కాబట్టి 40 నిమిషాలు చాలు. పైభాగాన్ని సైఫన్‌తో లాగేయాలి. బోరు నీళ్లు మాత్రం వాడకండి. కాల్షియం వల్ల సన్నరేణువులు ముద్దకట్టి పెద్దవాటితో పాటే దిగిపోతాయి. ఆల్కహాల్ తడి ఉండగా ఓవెన్‌లో పెట్టడం ప్రమాదం. ముందు ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే అరలో) ఆరనివ్వండి.

ఇంత చేశాక పొడి బాగా పనిచేస్తుంది. 632.8 నానోమీటర్ల లేజర్‌తో కొలిస్తే ముందువైపు నిటారు శిఖరం, పక్కకోణాల్లో దాదాపు చదునైన గీత కనిపిస్తాయి. గుండ్రని నీటిబిందువుల్లో 140 డిగ్రీల దగ్గర వచ్చే ఇంద్రధనుస్సు పొంగు ఇక్కడ ఉండదు. గోళాకార రేణువుల కోసం రాసిన ‘మీ’ (Mie) సిద్ధాంతపు లెక్క ఈ రేణువులకు అతకదు, ఈ పొడి కొనడానికి అసలు కారణమూ అదే. పరికరాన్ని ముందు నీటితుంపరతో సరిచూసుకోవాలి. పొడి ధార సగం చేస్తే సిగ్నల్ కూడా సగమవ్వాలి. అలా కాకపోతే కాంతి ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు తగిలి తిరుగుతోందన్నమాట. ప్లాస్టిక్ గొట్టాలకు స్టాటిక్ పట్టి సన్నపొడి గోడలకే అంటుకుంటుంది కాబట్టి లోహపు గొట్టం వేయండి.

పొడిని ధారగా వదిలే ఫీడర్ ట్రయల్స్‌కి ఈ ఖరీదైన పొడి ఎందుకు? వికారాబాద్ వైపు దొరికే దక్కన్ బసాల్ట్ క్రషర్ పొడిని ఇలాగే జల్లించి వాడుకోవచ్చు. అది నల్లగా ఉంటుంది, ఫెర్రిక్ ఆక్సైడ్ తక్కువ. అందుకే అసలు కొలతల్లోకి మాత్రం పనికిరాదు.