ఎల్‌డీహెచ్ టెస్టుకి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్: 5కి 2 స్టార్లు

మా అన్నయ్యకి పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది. కీమోకి ముందు రాసిన రక్తపరీక్షల్లో ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ ఎంతుందో చూసేది) ఒకటి. ఇంటికే వస్తారు కదా అని ఈ ల్యాబ్‌కి బుక్ చేశాం. కుర్రాడు టైముకే వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు, కానీ నరం దొరక్క మూడుసార్లు గుచ్చి సిరంజితో గట్టిగా లాగాడు. ఆ ట్యూబు ఇంకో నాలుగిళ్లు తిరిగి మధ్యాహ్నానికి గానీ ల్యాబ్‌కి చేరలేదట.

సాయంత్రం ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. 612. పక్కన ఎర్ర బాణం, కింద 'వ్యాధి ముదురుతోందనడానికి సూచన కావచ్చు' అని ఒక ముక్క. ముందు చూసింది వదిన. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మర్నాడు డాక్టర్ గారు ఆ బాణాన్ని పట్టించుకోకుండా, చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉన్న 'శాంపిల్ హీమోలైజ్ అయింది' (అంటే ఎర్ర రక్తకణాలు పగిలాయి) అన్న లైను చూసి, మళ్లీ చేయించమన్నారు. ఈ ఎంజైమ్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది, ఎర్ర రక్తకణాల్లోనూ బోలెడు, అవి ట్యూబులో పగిలాయంటే ఆ లెక్కంతా రోగి ఖాతాలో పడుతుంది. గట్టిగా లాగినా పగులుతాయి, సీరమ్ (గడ్డకట్టిన రక్తంలోంచి వచ్చే ద్రవం) వేరు చేయకుండా గంటలు ఉంచినా అంకె పెరుగుతుంది. హాస్పిటల్లో మళ్లీ తీస్తే 318 వచ్చింది. నార్మల్ కంటే ఎక్కువే, కాదనను, కానీ దాదాపు సగం!

టెస్టు మీద నాకు కోపం లేదు. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా మార్చుకుంటాయని ఆటో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించాడు, ఆ చివరి మెట్టు నడిపేది ఈ ఎంజైమే. వ్యాపించిన పేగు క్యాన్సర్‌లో ఎల్‌డీహెచ్ ఎక్కువున్నవాళ్లు సగటున తక్కువకాలం బతుకుతున్నారన్నదీ నిజమే. కానీ లివర్, కండరాలు దెబ్బతిన్నా పెరుగుతుంది కాబట్టి స్కాన్, సీఈఏ (పేగు క్యాన్సర్‌లో చూసే ఇంకో రక్తపరీక్ష), మనిషి ఓపిక అన్నీ కలిపి చూస్తారు. ఇంత ఉన్నదాన్ని ఎర్ర బాణంతో తేల్చేస్తే ఎలా? కస్టమర్ కేర్‌ని అడిగితే 'మెషిన్ ఇచ్చిందే ఇచ్చాం సార్' అన్నారు.

ఇదే ల్యాబ్ డీపీవైడీ జీన్ టెస్టు మాత్రం చక్కగా చేసింది. 5-ఎఫ్‌యూ అనే కీమో మందులో 80 శాతానికి పైగా విరిచేసే ఎంజైమ్‌కి సంబంధించిన జీన్ అది, ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్లకి మామూలు డోసే ప్రాణం మీదికి తేవచ్చు. రిపోర్టు అర్థమయ్యేలా రాశారు, డౌట్ అడిగితే వాళ్ల డాక్టరే ఫోన్ చేసి చెప్పారు. ఆ రెండు స్టార్లూ దానికే.