ఫైవేర్ ఓరియన్: నగరం ఇప్పుడెలా ఉందో చెబుతుంది, నిన్న ఎలా ఉందో చెప్పదు

సెన్సర్ల డేటాను ఒకచోట చేర్చి నగరపాలక నిర్ణయాలకు వాడాలనుకునేవాళ్లు ముందుగా చూసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లలో ఫైవేర్ వారి ఓరియన్ కాంటెక్స్ట్ బ్రోకర్ ఒకటి. సెన్సర్లు పంపే తాజా విలువలను దగ్గర పెట్టుకుని, అడిగిన సాఫ్ట్‌వేర్‌లకు అందించడం దీని పని. సీ ప్లస్ ప్లస్‌లో రాసింది, వెనక మాంగోడీబీ డేటాబేస్ ఉంటుంది, ఎన్‌జీఎస్‌ఐ-వీ2 అనే ఏపీఐతో (ఇతర ప్రోగ్రామ్‌లు దానితో మాట్లాడే పద్ధతి) 1026 పోర్టులో నడుస్తుంది. పని బాగా చేస్తుంది. ఇబ్బందల్లా డీఫాల్ట్‌గా అది ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా పైన డ్యాష్‌బోర్డ్ కట్టేయడంతోనే.

చెత్తకుండీల ఉదాహరణే తీసుకుందాం. 2,000 కుండీలు, ఒక్కోటి 15 నిమిషాలకోసారి నిండుదల పంపుతుంది. రోజుకు 1,92,000 అప్‌డేట్‌లు, అంటే సెకనుకు రెండు పైచిలుకు. ఓరియన్‌కు ఇది బరువే కాదు. కానీ ఒక్కో కుండీకి ఒకే రికార్డు ఉంటుంది, కొత్త విలువ రాగానే పాతది చెరిగిపోతుంది. లారీ ఇప్పుడు ఎటు వెళ్లాలో చెప్పడానికి అది చాలు. ఏ వీధికి వారానికి ఎన్ని ట్రిప్పులు వేయాలో తేల్చాలంటే మాత్రం చరిత్ర కావాలి. అందుకు సబ్‌స్క్రిప్షన్ (విలువ మారినప్పుడల్లా నోటిఫికేషన్ పంపమని ఓరియన్‌కు ఇచ్చే ఆదేశం) పెట్టి, క్వాంటమ్‌లీప్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా క్రేట్‌డీబీ లేదా టైమ్‌స్కేల్ డేటాబేస్‌లోకి పంపాలి. క్రేట్‌డీబీ అయితే హోస్ట్ మెషీన్‌లో వీఎం మ్యాక్స్ మ్యాప్ కౌంట్ అనే లినక్స్ సెట్టింగ్‌ను 2,62,144కు పెంచండి, లేకపోతే కంటైనర్ లేవకపోవచ్చు.

డేటా ఎక్కువగా పోయేది ఈ సబ్‌స్క్రిప్షన్ దగ్గరే. లోడ్ తగ్గిద్దామని థ్రాట్లింగ్ (రెండు నోటిఫికేషన్‌ల మధ్య కనీస విరామం) 60 సెకన్లు పెడతారు. అది కుండీకి ఒక లెక్క కాదు, మొత్తం సబ్‌స్క్రిప్షన్‌కు ఒకే లెక్క. పైగా ఆ నిమిషంలో వచ్చిన మిగతా నోటిఫికేషన్‌లు క్యూలో ఆగవు, పారేయబడతాయి. 2,000 కుండీలకు కలిపి ఒకే సబ్‌స్క్రిప్షన్ ఉంటే రోజుకు గరిష్ఠంగా 1,440 నోటిఫికేషన్‌లే బయటికి వస్తాయి. ఒక్క శాతం కూడా కాదు! డ్యాష్‌బోర్డ్‌లో గీతలు మాత్రం చక్కగానే కనిపిస్తాయి, అందుకే ఈ తప్పు నెలల తరబడి దొరకదు. చరిత్ర కోసం పెట్టే సబ్‌స్క్రిప్షన్‌లో థ్రాట్లింగ్ వద్దేవద్దు.

రెండో ఇబ్బంది ఇంకా లోతైనది. విలువ మారకపోతే ఓరియన్ నోటిఫికేషన్ పంపదు. రాత్రంతా నిండుదల 0.4 (అంటే 40 శాతం) దగ్గరే ఉన్న కుండీకీ, బ్యాటరీ అయిపోయిన సెన్సర్‌కూ చరిత్రలో తేడా కనిపించదు. విలువ మారకపోయినా నోటిఫికేషన్ పంపించే ఫోర్స్‌డ్‌అప్‌డేట్ ఆప్షన్ వాడొచ్చు. అంతకన్నా మేలైన దారి, ప్రతి రీడింగ్‌తో టైమ్‌ఇన్‌స్టంట్ (కొలిచిన సమయం) పంపి, సబ్‌స్క్రిప్షన్ షరతులోనూ నోటిఫికేషన్‌లోనూ దాన్ని చేర్చడం. దీంతో ఇంకో లాభముంది. నెట్‌వర్క్ పోయి వచ్చాక పాత రీడింగ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చిపడితే, అవి అందిన సమయంతో కాక కొలిచిన సమయంతోనే నమోదవుతాయి.

నోటిఫికేషన్ అందుకునే అవతలి సర్వర్ ఆగిపోయిన సమయంలో వెళ్లిన నోటిఫికేషన్‌లను ఓరియన్ దాచిపెట్టి తర్వాత పంపుతుందని అనుకోవద్దు. ఆ డేటా పోయినట్టే. సబ్‌స్క్రిప్షన్ వివరాల్లో ఫెయిల్స్‌కౌంటర్ (విఫలమైన నోటిఫికేషన్‌ల లెక్క), చివరి సక్సెస్ సమయం ఉంటాయి, వాటికి అలర్ట్ పెట్టండి. ఏ రీడింగ్ పోయినా కుదరదనుకుంటే మధ్యలో ఒక మెసేజ్ క్యూ (సందేశాలు అవతలికి అందేదాకా దాచి ఉంచేది) తప్పనిసరి.

డేటా రూపం సంగతికొస్తే, స్మార్ట్ డేటా మోడల్స్ (డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే ఉమ్మడి నమూనాలు) ప్రకారం నిండుదల 0 నుంచి 1 మధ్య ఉండాలి. సెన్సర్ కంపెనీలు 0 నుంచి 100 పంపుతుంటాయి, కొన్ని 42 అనే అంకెను కోట్స్‌లో పెట్టి టెక్స్ట్‌గా పంపుతాయి. ఓరియన్ దాన్ని టెక్స్ట్‌గానే తీసుకుంటుంది, ఇక "0.8 కన్నా ఎక్కువ" అన్న ఫిల్టర్‌కు ఆ కుండీ చిక్కదు. మ్యాప్ మీద కుండీలు ఎక్కడో తేలుతుంటే అక్షాంశ రేఖాంశాల వరుస చూడండి: స్థానం రాసే రెండు పద్ధతుల్లో, జియో పాయింట్‌లో అక్షాంశం ముందు, జియోజేసన్‌లో రేఖాంశం ముందు. జాబితా అడిగితే డీఫాల్ట్‌గా 20 మాత్రమే వస్తాయి, ఒకసారికి గరిష్ఠం 1,000. కాబట్టి 2,000 కుండీలకు రెండుసార్లు అడగాలి.

ఓరియన్‌కు సొంతంగా లాగిన్, అనుమతుల వ్యవస్థ లేదు. 1026 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే ఎవరైనా రీడింగ్‌లు మార్చేయొచ్చు, చెరిపేయొచ్చు. దాని ముందు వచ్చే అభ్యర్థనలను వడగట్టే విల్మా ప్రాక్సీ, లాగిన్‌లు, అనుమతులు చూసే కీరాక్ ఉండాల్సిందే.

ఒకే శాఖ, ఒకే రకం సెన్సర్ అయితే ఇదంతా అక్కర్లేదు, నేరుగా టైమ్‌స్కేల్‌లోకి రాసుకోవచ్చు. వీడియోకు ఇది పనికిరాదు. పార్కింగ్, గాలి నాణ్యత, చెత్త, వీధిదీపాలు వేర్వేరు శాఖల్లో ఉండి, ఒకరి డేటా మరొకరికి అవసరమైన చోట మాత్రం దీన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పెట్టిన మొదటి వారం రోజూ చరిత్రలో కుండీకి ఎన్ని రికార్డులు పడ్డాయో లెక్కపెట్టండి. 96 పడాలి. తగ్గితే లారీల రూట్లు మార్చేముందు సబ్‌స్క్రిప్షన్ తెరిచి చూడండి.