ఆడపిల్లల డ్రెస్సింగ్ రూమ్: పాత గదికి అడ్డం కట్టాలా, కొత్తది కట్టాలా, కంటైనర్ తేవాలా?

కబడ్డీ, వాలీబాల్ క్లబ్బుల వాళ్లు నెల్లూరు నుంచి ఒంగోలు దాకా అడిగేది ఒకటే. అమ్మాయిల జట్టు తయారైంది, ఉన్నది ఒక్క గది, డబ్బు కొంచెమే ఉంది, ఏం చేయాలి? దారులు మూడున్నాయి. పాత గదిని రెండుగా చేయడం, పక్కన కొత్త గది కట్టడం, రెడీమేడ్ ఇనుప కంటైనర్ గది దించడం. టైము పంచుకోవడం నాలుగో దారి అంటారు గానీ, మగపిల్లల మ్యాచ్ అరగంట ఆలస్యమైతే అమ్మాయిలు బ్యాగులు పట్టుకుని ఎండలో నిలబడాల్సిందే. షామియానా కూడా అంతే, ఒక్కరోజు టోర్నమెంటుకు సరి.

ఏ దారిని ఎంచుకున్నా ముందు చూడాల్సింది ఒక్కటి: బట్టలు మార్చుకునే గదిలోంచి బయట కాలు పెట్టకుండా మరుగుదొడ్డికి వెళ్లగలరా? అద్దాలు, లాకర్లు, టైల్స్ తర్వాత. నెలసరి రోజుల్లో ఆట మధ్యలో గ్రౌండు దాటి, జనం ముందు నుంచి ఎక్కడో మూలనున్న దొడ్డికి నడవాలంటే, చాలామంది ప్రాక్టీసుకే రారు. ఎందుకు రాలేదో చెప్పరు కూడా.

ఈ లెక్కన చూస్తే పాత గదిని చీల్చడం చవక గానీ తేలిపోతుంది. అడ్డం లేస్తుంది, దొడ్డి మాత్రం ఒకవైపే మిగులుతుంది. రెండోవైపు కొత్త దొడ్డి పెట్టాలంటే నేల పగలగొట్టి నాలుగంగుళాల పైపు వేయాలి. దానికి పది అడుగులకు మూడంగుళాల చొప్పున వాలు ఉండాలి, సెప్టిక్ ట్యాంకు దూరంగా ఉంటే ఆ వాలు దొరకదు. చీల్చక తప్పదంటే ప్లైవుడ్ వద్దు, ఏడాదిలో చెదలు పడతాయి. పాత గచ్చు మీద ఇటుక గోడ లేపితే బరువుకు గచ్చు కుంగుతుంది. నాలుగంగుళాల తేలిక బ్లాకులు వాడి గోడను శ్లాబు దాకా తీసుకెళ్లండి. సెల్‌ఫోన్ల కాలంలో ఏడడుగుల అడ్డం చాలదు. రెండో ద్వారం వేరే గోడకు పెట్టాలి. ఒకే వరండాలోంచి రెండు తలుపులుంటే చీల్చినా ఒకటే, చీల్చకపోయినా ఒకటే.

నా మొగ్గు కొత్త గది వైపు, అదీ ఉన్న దొడ్డి గోడకు ఆనించి కడితే. పైపు పొట్టిగా అయిపోతుంది. కబడ్డీ జట్టుకు 12 మంది కాబట్టి లోపలి కొలత 16 అడుగులు బై 12 అడుగులు చాలు. వెనక అయిదడుగుల పట్టీలో రెండు మరుగుదొడ్లు, రెండు స్నానాల గదులు పడతాయి. మరుగుదొడ్లలో ఒకటి వెస్ట్రన్ పెట్టండి, మోకాలు దెబ్బతిన్నవాళ్లకు అవసరం. మిగతా ఏడడుగుల్లో గోడ వెంట బెంచీ వేయండి. మనిషికి అడుగున్నర, ఎత్తు 18 అంగుళాలు, తలకు రెండు కొక్కేలు. కృష్ణపట్నం థర్మల్ కేంద్రం బూడిద పుణ్యమా అని నెల్లూరు వైపు ఫ్లైయాష్ ఇటుకకు కొరత లేదు.

చిక్కు పునాది దగ్గర వస్తుంది. నల్లరేగడి నేలలో కొత్త గోడ కుంగుతుంది, పాతది కదలదు. రెంటినీ కలిపి కట్టేస్తే మొదటి వేసవికే నిలువునా బీట పడుతుంది. మధ్యలో అంగుళం సందు వదిలి థర్మాకోల్ నింపి, పైన వాన దిగకుండా రేకు మడత కప్పాలి. ఇంకోటి ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పల్లపు నేలల్లో ఇంకుడు గుంత నీరు పీల్చదు, సెప్టిక్ ట్యాంకు నిండి బేసిన్‌లోంచి వెనక్కి తన్నుతుంది. అందుకే గది నేలమట్టం గ్రౌండు కంటే రెండడుగులు పైన ఉండాలి. ఇంకుడు గుంతను బోరుకు కనీసం 60 అడుగుల దూరంలో తవ్వించండి.

కంటైనర్‌ను తీసిపారేయలేం. స్థలం బడిదో పంచాయతీదో అయి పక్కా కట్టడానికి ఒప్పుకోకపోతే అదే గతి, రేపు ఖాళీ చేయమన్నా క్రేనుతో ఎత్తుకుపోవచ్చు. 20 అడుగులు బై 8 అడుగుల దానిలో ఒక చివర దొడ్డి పోను పద్నాలుగు అడుగులు మిగులుతుంది. అయితే ఇండియన్ బేసిన్ కింద ట్రాపుకు (వాసన రాకుండా నీరు నిలిచే వంపు గొట్టానికి) లోతు కావాలి కాబట్టి దిమ్మెల మీద రెండడుగులు లేపి మెట్లు కట్టాలి. మే నెలలో లోపల కుంపటే. గోడలకు, పైకప్పుకు రెండంగుళాల పఫ్ ప్యానెల్ (వేడిని ఆపే ఫోమ్ పలక) లేకుండా కొనకండి. పాత ఓడ కంటైనర్ల చెక్క నేలకు పురుగుమందు పట్టించి ఉంటుంది, ఉత్త కాళ్లతో తిరగకూడదు. పైన వినైల్ షీటు పరవాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తలుపు బందులు స్టెయిన్‌లెస్ స్టీలువి కాకపోతే రెండేళ్లకే బిగుసుకుపోతాయి.

ఏది కట్టినా ద్వారం ముందు నాలుగడుగుల దూరంలో ఆరున్నర అడుగుల ఎత్తు అడ్డుగోడ వేయండి. వెంటిలేటర్లు నేల నుంచి ఏడడుగుల పైన పెట్టి, గ్యాలరీ పై మెట్టెక్కి ఒకసారి చూడండి. అక్కడి నుంచి లోపల కనిపిస్తే లూవర్ల (వెంటిలేటర్ అడ్డ పలకల) బయటి అంచు పైకి కాదు, కిందికి వాలేలా తిప్పాలి. రెండు జట్లు స్నానం చేస్తాయనుకుంటే వెయ్యి లీటర్ల ట్యాంకు చాలు. కనిగిరి వైపు బోరు నీటికి షవర్ల రంధ్రాలు పూడుకుపోతాయి, కొళాయి, బకెట్ మేలు. ప్రతి దొడ్డిలోనూ కాలితో తెరిచే మూత డబ్బా, పక్కన పాత పేపర్లు ఉంచండి, ప్యాడు బేసిన్‌లో పడితే మొదటి వంపులోనే అడ్డుకుంటుంది.

తాళంచెవి వాచ్‌మన్ దగ్గర కాదు, జట్టు కెప్టెన్ దగ్గరొకటి, మహిళా కోచ్ దగ్గరొకటి ఉండాలి.