ఉప్పు గాలిలో వైర్‌లెస్ యాంటెన్నా: పెట్టె కన్నా ఎర్తింగే ముఖ్యం

నెల్లూరు దగ్గర మైపాడు వైపు, ఇంటి నెట్‌ను రొయ్యల గుంటలకు అందించే యాంటెన్నా పెట్టించుకోవాలనుకునే వాళ్లు మొదట అడిగేది ‘ఏ కంపెనీ తీసుకోమంటావన్నా?’ అనే. నా జవాబు చాలామందికి నచ్చదు. స్తంభం, ఎర్తింగ్ బాగుంటే ఏ కంపెనీదైనా నడుస్తుంది. అవి బాగా లేకపోతే ఎంత ఖరీదైనదీ నిలవదు.

మా ఇంటి మేడ మీద ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు అవతల గుంటల షెడ్డు దగ్గర ఒకటి 2021 నుంచి పనిచేస్తున్నాయి. రెండూ ఐదు గిగాహెర్ట్జ్ రకమే. 2018 నుంచి ఈ బ్యాండును ఆరుబయట వాడుకోవడానికి కూడా లైసెన్సు అక్కర్లేదు. ఇంట్లోని ఫైబర్ నెట్ షెడ్డుకు చేరుతుంది. సీసీ కెమెరాలు, ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) ప్యానెల్ అలారం, కాపలా మనిషి ఫోను దాని మీదే నడుస్తాయి. యాంటెన్నా పెట్టె గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. ఎండకు ప్లాస్టిక్ రంగు మారింది, పని మారలేదు.

షెడ్డు దగ్గర ముప్పై అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) పైపు స్తంభంగా నిలబెట్టాం. చోటు ఎంచుకునేటప్పుడు సిగ్నల్ కన్నా ముందు కరెంటు తీగలు చూశాం. గుంటల గట్టు మీదుగా 11 కేవీ లైను పోతుంది. పైపు ఎటు పడినా దాని కొన ఆ తీగలకు బాగా దూరంగా ఉండాలి. అలా చూస్తే షెడ్డుకు ఒక మూలే మిగిలింది. మూడు దిక్కులా పైపును లాగి పట్టే స్టే వైర్లు కట్టించి, అడుగున కీలున్న బేస్ పెట్టించాం. ఈ కీలుకు పెట్టిన డబ్బు ఎప్పుడో తిరిగొచ్చింది. ఏ పనున్నా గాలి లేని పూట ఇద్దరు ముగ్గురు కలిసి పైపును కిందికి వాల్చి చేసుకుంటారు. స్టే వైర్ల మీద నిలబడే పైపు ఎవరినీ ఎక్కనివ్వకూడదు, ఎంత అలవాటున్న కుర్రాడైనా సరే.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని గాలికి మా షెడ్డు రేకులు లేచిపోయాయి గానీ పైపు కదల్లేదు. యాంటెన్నా కాస్త పక్కకు తిరిగింది, క్లాంపు బిగించాక సరిపోయింది.

ఇక ఎర్తింగ్. మా ఎలక్ట్రీషియన్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. ‘మోటారుకంటే సరే, ఈ చిన్న పెట్టెకు ఎర్త్ ఎందుకన్నా? పిడుగును మనమే పిలిచినట్టు కాదా?’ అన్నాడు. చాలామందికి ఉన్న అనుమానమే ఇది. చుట్టూ చదునైన గుంటల మధ్య ముప్పై అడుగుల ఇనుము ఎర్త్ ఉన్నా లేకున్నా అన్నిటికన్నా ఎత్తుగానే ఉంటుంది. ఎర్త్ ఉంటే పిడుగు కరెంటులో ఎక్కువ భాగం షెడ్డు బయటి నుంచే నేలలోకి పోతుంది. లేకపోతే నెట్ కేబుల్ పట్టుకుని లోపలికి వస్తుంది. నేరుగా నెత్తిన పడితే యాంటెన్నా ఎలాగూ మిగలదు. ఎర్త్ కాపాడేది లోపలి మనుషులను, సామాన్లను. దగ్గర్లో ఎక్కడో పడినప్పుడు తీగల్లో పుట్టే సర్జ్‌కు, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీకి, కూడా అదే దారి.

ఎర్త్ కోసం బొగ్గు, ఉప్పు పోసి జీఐ పైపు పాతుదామన్నాడు ఎలక్ట్రీషియన్. మా నేలకు మళ్లీ ఉప్పెందుకు? ఇక్కడ ఎర్త్ రావడం కష్టం కాదు, నిలవడమే కష్టం. పక్క గుంటల వాళ్లు మోటారుకు వేసిన జీఐ పైపును తవ్వి చూస్తే నేలమట్టం దగ్గర పొరలు పొరలుగా ఊడొచ్చింది. అందుకే మేం మూడు మీటర్ల పొడవు, మందంగా రాగి పూత ఉన్న కడ్డీ దించాం. స్తంభం నుంచి కడ్డీ దాకా 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ఎక్కడా చుట్టలు, పదునైన మలుపులు లేకుండా దగ్గరి దారిలో దించాం. రాగిని జీఐ మీద నేరుగా బిగిస్తే ఉప్పు గాలిలో ఆ అతుకును తుప్పు తొందరగా తినేస్తుంది. తగరం పూత ఉన్న లగ్ (తీగ కొనకు తొడిగే బిళ్ల), స్టెయిన్‌లెస్ బోల్టు వాడి పైన గ్రీజు పూయించాం. ఏటా వానలకు ముందు విప్పి తుడిచి మళ్లీ బిగిస్తాం.

చాలామంది వదిలేసే పని ఇంకొకటి ఉంది. స్తంభం ఎర్త్‌ను షెడ్డు కరెంటు ఎర్త్‌తో కలపాలి. రెండూ విడివిడిగా ఉంటే పిడుగు పడ్డ క్షణంలో వాటి మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా తీరే దారి యాంటెన్నాకు కరెంటిచ్చే మన అడాప్టరే. మీటరుతో చూస్తే మా ఎర్త్ నిరోధం వానాకాలంలో రెండు ఓమ్‌ల లోపు, మే నెలలో కాస్త ఎక్కువ. పిడుగు రక్షణ ప్రమాణాలు పది ఓమ్‌ల లోపు ఉంటే మంచిదంటాయి.

కనిగిరి దగ్గర మా బావకు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ రాతి నేల, ఒక కడ్డీకి ఎర్త్ రానే రాలేదు. ఒకదానికొకటి దూరంగా ఇంకొన్ని పాతించి అన్నిటినీ కలిపాక అంకె దిగింది. ఎండాకాలంలో ఆ గుంతల్లో నీళ్లు పోస్తుంటాడు.

నెట్ కేబుల్ షీల్డ్ (లోహపు పొర) ఉన్న క్యాట్ 6 రకం, ఎండకు తట్టుకునే నల్ల తొడుగుది. షెడ్డులోకి దూరే చోట సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దాన్ని కూడా అదే ఎర్త్‌కు కలిపాం. కేబుల్ లోపలికి పోయే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. ఒక వేసవి గాలివానలో గట్టు మీది కొబ్బరి చెట్టుపై పిడుగు పడింది. సర్జ్ ప్రొటెక్టర్ పోయింది, యాంటెన్నా, కెమెరాలు మిగిలాయి. అదే షెడ్డు మీద కాపలా మనిషి టీవీ డిష్‌కు ఎర్త్ లేదు, సెట్‌టాప్ బాక్సు కాలిపోయింది. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ తన ఇంటి డిష్‌కు కూడా తీగ లాక్కున్నాడు!

అసంతృప్తి ఏమైనా ఉందంటే సరుగుడు తోటలతోనే. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడితే చాలదు. మా దూరానికి నడిమధ్యలో, రెంటినీ కలిపే గీత చుట్టూ నాలుగున్నర మీటర్ల దాకా ఖాళీ ఉండాలి, కనీసం అందులో అరవై శాతమైనా. పెట్టినప్పుడు మోకాలెత్తున్న మొక్కలు పెరిగి అడ్డమొచ్చాయి, కెమెరా బొమ్మ ఆగి ఆగి వచ్చేది. ఇంటి వైపు యాంటెన్నాను కొంత పైకి జరిపి నెట్టుకొచ్చాం. తోట కొట్టేశాక సిగ్నల్ దానంతటదే బాగైంది. మళ్లీ నాటారు.

ఎర్త్ ఉంది కదా అని ఉరుముల్లో స్తంభం దగ్గరికి పోకూడదు. పిడుగుల గురించి చెప్పే దామిని యాప్ హెచ్చరిక రాగానే కాపలా మనిషి అడాప్టర్ ప్లగ్ పీకేస్తాడు. మబ్బు నెత్తి మీదికి రాకముందే పీకాలి. ఉరుము వినబడ్డాక తీగలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. కాసేపు కెమెరాలు ఆగుతాయి, ఆగనీ.

ఇప్పుడు స్టే వైర్ల క్లాంపులకు తుప్పు పట్టింది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు వైర్లతో సహా స్టెయిన్‌లెస్‌వి వేయించాలి. నెల్లూరులో ధర అడిగితే యాంటెన్నా ఖరీదు కన్నా ఎక్కువే చెప్పారు. అయినా వేయిస్తున్నాం.